గుండుతో వెళ్ళిన ఇంటర్వ్యూ

మొన్న మా చెల్లెలి మనవరాలు తిరుమలలో తలనీలాలిచ్చి, గుండుకు రాసిన చందనం ఇంకా ఆరకుండానే మా ఇంటికొచ్చింది. మెడిసిన్ పూర్తయితే ఇస్తానని మొక్కుకుందట. వైద్యమూ పరిశోధనా కలిపి చదివి, ఎం.డి., పీహెచ్.డి. రెండు పట్టాలూ పుచ్చుకునే కోర్సుకు దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ ఆ వారంలోనే. పెద్ద సార్లు ఏమనుకుంటారో, విగ్గు పెట్టుకోమని వాళ్ళమ్మ ఒకటే పోరు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ తల్లి మీద కాదు, ఎప్పుడో నా ఎదుట కూర్చున్న ముగ్గురు పెద్దమనుషుల మీద.

నేనూ ఎంబీబీఎస్ కాగానే అలాంటి కోర్సుకే వెళ్ళాను. మా రోజుల్లో అటువంటిది ఒకటుందని తెలిసినవాళ్ళే తక్కువ. మా అమ్మకు చిన్నప్పుడు గొంతునొప్పితో వచ్చిన జ్వరం గుండెను పాడుచేసింది. గొంతునొప్పి అందరికీ వస్తుంది కదా, కొందరి గుండెనే ఎందుకు పట్టుకుంటుందో తేల్చాలన్నది నా పంతం. ఆపరేషన్ తరువాత అమ్మ లేచి తిరగగానే తలనీలాల మొక్కు తీర్చుకుని, ఆ గుండుతోనే ఇంటర్వ్యూకు రైలెక్కాను. మా తిరుపతిలో బస్సులో చూసినా, బ్యాంకులో చూసినా గుండ్లే, ఎందుకని అడిగేవాళ్ళుండరు. అది ఇంకో ఊళ్ళో వింతవుతుందని నాకూ నాయనకూ తట్టనే లేదు.

ఉత్తరాది నగరంలో ఆ ముగ్గురూ నేను చదవాలనుకున్నది వినిపించుకోలేదు. ఏమైనా జబ్బా, ఇంత పొడుగు చదువు తట్టుకుంటావా అన్నారు. మొక్కని చెబితే ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మీ అమ్మను బతికించింది డాక్టరో దేవుడో ముందు తేల్చు, పరిశోధన సంగతి తరువాత మాట్లాడుకుందాం అన్నాడు మధ్యనున్నాయన. ఆయన వేళ్ళకు జాతకం చూపించుకుని పెట్టుకున్న పగడం ఒకటి, నీలం ఒకటి. సర్టిఫికెట్లు సర్దుకుని లేచి వచ్చాను. సీటు రాలేదు.

"తిరపతి బిడ్డను పట్టుకోని గుండెందుకని అడిగినారా? వాళ్ళకేం పనీపాటా లేదా?" అని నాయన స్టేషను నుంచి ఇంటిదాకా తిడుతూనే ఉన్నాడు. నేను ఇక్కడే ఆసుపత్రిలో రోగులను చూసుకుంటూ రిటైరయ్యాను. మంచి డాక్టరమ్మ అనే పేరొచ్చింది గానీ, నా ప్రశ్న వెంట పోవడానికి ప్రయోగశాల మాత్రం దొరకలేదు. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు. జవాబు మాత్రం తిరుగు రైల్లోనే తట్టింది: అమ్మ బతకాలని మొక్కుకున్నాను, ఆ జబ్బు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని చదువుతానంటున్నాను, రెండూ అమ్మ కోసమే, ఇందులో మీకొచ్చిన ఇబ్బందేమిటి అని.

విగ్గు వద్దని వాళ్ళమ్మకు గట్టిగా చెప్పి, ఆ జవాబును పిల్ల మొక్కుకు తగ్గట్టు మార్చి మనవరాలికి అప్పగించాను. ఇంటర్వ్యూ మా ముందుగదిలోనే, కంప్యూటర్ తెర మీద. తలుపు పక్కన కుర్చీ వేసుకుని, ఆ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని కాచుకున్నాను. కణాలన్నారు, ఎలుకలన్నారు, నీ ఊహ తప్పని తేలితే ఏం చేస్తావన్నారు. పిల్ల తడుముకోకుండా చెప్పింది. చివరికి థాంక్యూలు కూడా అయిపోయాయి.

"గుండు సంగతి ఎవురూ అడగలేదా?" అన్నాను, బయటికి రాగానే.

"ఎందుకడుగుతారవ్వా?" అని తల నిమురుకుంటూ అన్నం పెట్టమంది.

సంతోషమే, కాదనను. పిల్లకు అన్నం వడ్డించాను. కానీ ఆ ముగ్గురూ ఇప్పుడు ఉన్నారో లేరో. ఇన్నేళ్ళు పదును పెట్టుకున్న జవాబు, ఇక ఎవరికి చెప్పను?