స్కాన్ కవరు వెనక గీసిన గుండె

ఏడో నెల స్కాన్‌లో బిడ్డ గుండె నిమిషానికి యాభై ఎనిమిది సార్లు కొట్టుకుంది. నూట నలభై దాకా ఉండాలి. స్కాన్ తీసే అమ్మాయి యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే.

వారం తర్వాత నా రక్త పరీక్ష రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి అంతా వివరించింది. బీఎస్సీలో జువాలజీ చదివాను కాబట్టి ఆమెకు పని తేలికైంది. ఇంటికొచ్చాక అదే పని నేను అత్తమ్మ దగ్గర ఇంకా బాగా చేశాను. చేయకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం శంషాబాద్‌లో మా ఇంటి ముందు అరుగు మీద అత్తమ్మ చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. అత్తమ్మ వాళ్ల పొలం ఎయిర్‌పోర్టు కింద పోయింది. ఎయిర్‌పోర్టు మొదలై అప్పటికి రెండేళ్లు, మా ఆయన అక్కడే కార్గోలో పని చేసేవాడు. నేను స్కాన్ కవరు వెనక ఎర్ర పెన్నుతో గుండె బొమ్మ గీశాను. కాలేజీలో ఆ బొమ్మకు నాకెప్పుడూ పూర్తి మార్కులే.

“గుండె కొట్టుకోవాలంటే ఎవరూ చెప్పే పని లేదు అత్తమ్మా. పై గదిల, ఇగో ఈ మూలకు, చిన్న ముద్ద ఉంటది. కరెంటు దానంతటదే పుట్టిస్తది. ఉరికినా, భయపడ్డా నరాలు దాన్ని జల్ది కొట్టుమంటయి. పండుకుంటే మెల్లగ అంటయి. గంతే.”

“మరి ఖరాబైందేంది?”

“ఎయిర్‌పోర్టుల టవర్ చెప్తేనే విమానం లేస్తది గదా. బిడ్డ గుండెల టవర్ మంచిగనే ఉన్నది. మధ్యల తీగ పాడైంది. పైన చెప్పేది కింది గదులకు వినపడతలేదు. అవి ఇగ వాటికి తోచినట్టు, మెల్లగ కొట్టుకుంటున్నయి.”

అత్తమ్మకు అర్థమైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణం నాకు సంతోషమేసింది. ఆమె చేట పక్కన పెట్టి అడిగింది.

“తీగ ఎవరు తెంపిండ్రు?”

దేవుడని చెప్పి ఊరుకోవచ్చు. చదువుకున్నదాన్ని కదా, ఊరుకోలేదు. నన్ను ఏమీ చేయకుండా నా రక్తంలో తిరిగే యాంటీబాడీలు మాయ దాటిపోయి బిడ్డ గుండె మీద పడ్డాయని చెప్పాను. అక్కడ మచ్చ కట్టిందని, ఇక మానదని కూడా చెప్పాను.

“అంటే నీ నెత్తురే.”

“నేను తెలిసి చేసిన్నా అత్తమ్మా?”

“నేనెందుకంట బిడ్డా? నువ్వే చెప్తున్నవు.”

ఎండాకాలం మొదట్లో ఆపరేషన్ చేసి పాపను తీశారు. పది రోజులు గాజు పెట్టెలో ఉంచి, ఈ వేగంతోనే బతుకుతుందని, పెద్దదయ్యాక గుండెకు మిషిన్ పెట్టాల్సి వస్తుందని చెప్పి పంపించారు. ఇంటికొచ్చిన రోజు పాపకు పాలివ్వబోతుంటే అత్తమ్మ నా ఒడిలోంచి తీసుకుంది.

“పాలంటే ఏంది? నెత్తురే గదా. కడుపుల చేసింది సాలదా? డబ్బా పాలు తెప్పిస్త.”

మా ఆయన వైపు చూశాను. “అమ్మ అనేది గూడ ఆలోచించాలె,” అన్నాడు. “చెకప్‌కు పోయినప్పుడు అడుగుదాం తియ్.”

చెకప్ నెల తర్వాత. నా చేతిలో ఫోన్ ఉంది, డాక్టరమ్మ నంబరు అందులో ఉంది. చేయలేదు. నాకూ భయమే. నాలోంచి వచ్చేది ఏదైనా దానికి విషమేనేమో అనిపించేది.

పాలు ఇంకిపోవాలని అత్తమ్మ మల్లెపూలు తెప్పించి గుడ్డతో నా ఛాతీకి బిగించి కట్టింది. రోజూ మార్చేది. విప్పినప్పుడు వాడిన పూలు పులిసిన పాల వాసన కొట్టేవి. పాప ఆకలికి ఏడిస్తే నా గుండె దడదడలాడేది, కట్టు దాటి జాకెట్టు తడిసిపోయేది. వంటింట్లో నీళ్లు కాగి, చల్లారి, డబ్బా పాలు కలిసేసరికి అది ఏడ్చి ఏడ్చి ఎర్రబడేది. దాని ఛాతీ మీద చెయ్యి పెడితే లోపల మాత్రం అదే మెల్లటి దెబ్బ. అంత ఏడుపూ దాని గుండెకు తెలిసేదే కాదు.

మూడో వారానికి నాకు పాలు పూర్తిగా పోయాయి.

చెకప్‌లో డాక్టరమ్మ పాపను తూచి, “తల్లిపాలే కదా?” అంది.

“లేదమ్మా, బంద్ పెట్టినం,” అంది అత్తమ్మ, మెచ్చుకుంటుందని.

“ఎందుకు? జరిగే నష్టం కడుపులోనే జరిగిపోయింది. పాలతో ఏమీ కాదు. ఎవరు మానమన్నారు?”

అత్తమ్మ చెయ్యి నా వైపు చూపించింది. “ఈమెనే చెప్పింది, నెత్తురుతోనే అయిందని. బొమ్మ గీసి చూపెట్టింది. సదువుకున్నది గదా, మేం నమ్మినం.”

అందులో అబద్ధం ఎక్కడుందో వెతుక్కున్నాను. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. మా ఆయన టోకెన్ చీటీని మడతలు పెట్టాడు.

పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. నాలుగడుగులు ఉరికి నేల మీద కూలబడుతుంది. వచ్చే నెల మిషిన్ పెడతారు. ఇది రాస్తుంటే నా పక్కనే నిద్రపోతోంది.

మొన్న అత్తమ్మ చేట పట్టుకుని నా దగ్గరికొచ్చి కూర్చుంది. “ఆ మిషిన్ ఎట్ల పని చేస్తదే? జర సమజయ్యేటట్టు చెప్పు.”

పై గదిలో పుట్టిన దెబ్బను అది ఎలా పసిగడుతుందో, కింది గదికి ఏ తీగ మీద పంపుతుందో అంతా చదివి పెట్టుకున్నాను. కళ్లు మూసుకుని బొమ్మ గీయగలను.

“నాకేం తెలుసు అత్తమ్మా,” అన్నాను. “డాక్టర్‌ను అడుగుండ్రి.”