పాస్టరమ్మ చేపల తొట్టికి ఫిల్టర్

భద్రాచలం మంచినీళ్ళ స్కీములో ఫిల్టర్ బెడ్ వర్కర్‌గా రిటైరై, ఖమ్మంలోని ఖానాపురం హవేలికి వచ్చిన రెండో ఎండాకాలంలో ఈ పని నా మీద పడింది. చదివింది ఐదో తరగతే అయినా నీళ్ళ పని నాకు తెలుసు.

ఎదురింటి పాస్టరమ్మ భర్త బతికుండగా పెరట్లో సిమెంటు తొట్టి కట్టించి, కోయి అనే జపాన్ రంగు చేపలు పెంచారు. ఆయన పోయాక నీళ్ళు పచ్చబడ్డాయి. ఏడు చేపల్లో మూడు చచ్చిపోయాయి. ఇంకొకటి చస్తే తొట్టి పూడ్పిస్తానని కొడుకు ఖరాఖండిగా చెప్పాడట.

“ఎవరి చెప్పుల సప్పుడైనా ఆయనే అనుకొని అంచుకొస్తయక్కా. పూడిస్తే నేనెట్ల బతకాలె?” అంది పాస్టరమ్మ.

“ఏడిస్తే నీళ్ళు తేటగ కావు. పాత డ్రమ్ములున్నయా?” అన్నాను.

మూడు డ్రమ్ములు వరసగా పెట్టాను. చిన్న పంపు తోడిన తొట్టి నీళ్ళు మొదటిదాంట్లో పడితే, మురికి అడుక్కి దిగుతుంది. రెండోదాంట్లో ఇటుక ముక్కలు, గులకరాళ్ళు. నీళ్ళు కింది నుంచి పైకెక్కుతాయి. మూడోదాంట్లో చిరిగిన దోమతెరల చుట్టలు. తొట్టి నీళ్ళన్నీ రెండు గంటలకోసారి ఫిల్టర్ తిరిగి రావాలి. పంపు కింద బకెట్టు పెట్టి, అది నిండే సమయాన్ని బట్టి చూసుకున్నాను. నెల తిరిగేసరికి తొట్టి అడుగు కనిపించింది. పాస్టరమ్మ మెట్టు మీద కూర్చొని చేపలతో మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రెండో డ్రమ్ము తెరిచాను. రాళ్ళ నిండా గోధుమరంగు జిగురు. మంచినీళ్ళ కొలువు చేసిన చెయ్యి ఊరుకుంటుందా? బ్లీచింగ్ వేసి రుద్ది, ఎండబెట్టి పేర్చాను. మూడో రోజు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి.

“ఏందక్కా, నీళ్ళు తేటగనే ఉన్నయి గద?” అంది పాస్టరమ్మ.

చేపల మలంలోని విషాన్ని తినే సూక్ష్మజీవులు ఆ జిగురులోనే ఉంటాయి. వాటిని నేనే చంపాను. నాకు తెలియని సంగతి కాదు. భద్రాచలంలో నేనూ, అడవి పక్క ఊరి ముత్తమ్మా పలకపారలతో, నీళ్ళు వడకట్టే బెడ్ మీది పై ఇసుక గీకేవాళ్ళం. నీళ్ళను శుభ్రం చేసే జిగురు పొర ఇసుక మీద మళ్ళీ కట్టేదాకా రోజుల తరబడి నీళ్ళు బయటికే వదలాలి.

“గోదారి నీళ్ళన్నీ మోరీల పోతున్నయే!” అని నేను మొత్తుకునేదాన్ని.

“పోనియ్యే పిసినారిదానా! గట్టు మీద కూసో, సద్ది తిందాం,” అనేది ముత్తమ్మ.

తడి ఇసుక వాసన, పక్కన ఆమె నవ్వు. అలాంటి ఒక్క పొద్దుటి పూట మళ్ళీ దొరికితే చాలనిపిస్తుంది.

మేత ఆపించాను. క్లోరిన్ పోయేలా ఎండలో ఒక రోజు నిలబెట్టిన నీళ్ళతో, రోజూ తొట్టిలో పావు వంతు మార్చాను. రాళ్ళు కడిగిన రోజు, బ్లీచింగ్ పెడితే ఇంకా చిరుగుతాయని దోమతెరల్ని కడగలేదు. వాటిలో ఒక చుట్టను, జిగురుతో సహా, రాళ్ళ మధ్య పెట్టాను. మూడు చేపలు కోలుకున్నాయి. పాస్టరు గారి చేతిలో మేత తిన్న పెద్దది పోయింది.

కొడుకు ఫోన్ చేసి అడిగితే పాస్టరమ్మ, “నాలుగున్నయి బిడ్డా, మంచిగున్నయి,” అంది. ఆమె అబద్ధమాడగా వినడం నాకదే మొదలు.

ఇప్పుడు ఒక్కోసారి సగం రాళ్ళే, అదీ తొట్టి నీళ్ళతోనే కడుగుతాను. మిగతా సగం జోలికి పోను. కడగడమే పని అనుకొని సర్వీసంతా గడిపాను. ఆగడం కూడా పనిలో భాగమేనని ముత్తమ్మకు ముందునుంచీ తెలుసు. ఆ మాట ఒప్పుకుందామంటే ఆమె నంబరు కలవడం లేదు.