రెండున్నర కిలోల లెక్క

మా తమ్ముణ్ణి నేను దాదాపు చంపేసిన కథ ఇది. కంగారు పడకండి, వాడు ఇప్పుడు పక్క గదిలో టీవీ చూస్తున్నాడు. ఇది జరిగి మూడేళ్ళయింది. అప్పటికి నాకు డెబ్బై ఒక్కటే, లోకజ్ఞానం లేని వయసు.

తమ్ముడు మోహన్‌ది బందరు. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటాడు. ఎప్పుడూ తోడు వెళ్ళే మరదలు కాలు బెణికి మంచమెక్కితే, అవనిగడ్డ నుంచి నేను బస్సెక్కాను. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. తోడు కూర్చోమంటే ఇన్‌స్పెక్షనుకి వెళ్ళినట్టు వెళ్ళాను.

సెంటరంతా తిరిగి చూశాను. దుప్పట్లు ఉతికినవే. సిస్టర్లు ప్రతి మంచం దగ్గరికీ చేతులు కడుక్కునే వెళ్తున్నారు. బీపీ వేళకి చూస్తున్నారు. ఒక్క తప్పూ దొరక్క ప్రాణం విసిగిపోయింది. చివరికి దొరికింది. మిషను పెట్టేముందు వాణ్ణి తూచారు, అరవై రెండున్నర. నాలుగు గంటలయ్యాక మళ్ళీ తూచారు, అరవై.

"ఇలా రామ్మా సునీతా," అని హెడ్ సిస్టర్ని పిలిచాను. "మావాడి రెండున్నర కిలోలు ఏమయ్యాయి?"

"నీరు తీశామండీ."

"ఎవర్నడిగి తీశారు?"

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. "ఆయనకి యూరిన్ రాదు కదండీ టీచరుగారూ. తాగిందంతా ఒంట్లోనే..."

"నాకు చెప్పకు. మనిషిని ఎంత బరువుతో అప్పజెప్పానో అంత బరువుతో తిరిగివ్వాలి. పచారీ కొట్టువాడు కూడా తూకంలో ఇంత కొట్టేయడు!"

"అక్కా, ఊరుకో," అని గొణిగాడు తమ్ముడు.

"నువ్వు నోరు మూసుకో. చిక్కి సగమయ్యావు."

"ఇంటికెళ్ళాక నీళ్ళు ఎక్కువ ఇవ్వకండి," అంది సునీత. తప్పు కప్పిపుచ్చుకుంటోంది అనుకున్నాను.

మా దివిసీమలో జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్తే చేతిలో కొబ్బరిబొండాలు ఉండి తీరాలి. లేకపోతే పరామర్శ కిందే లెక్క కాదు. సెంటరు ఎదురుగానే బొండాల బండి.

"తాగు."

"వద్దేమో అక్కా."

"వద్దేమో ఏమిటి? తాగు."

అక్కడ రెండు, సాయంత్రం ఇంట్లో ఇంకో రెండు, అన్నంలోకి చెంబుడు మజ్జిగ. మరదలు లోపలి గదిలో కదల్లేక పడుంది. అడ్డు చెప్పే దిక్కు లేదు. నా వైద్యం జైత్రయాత్రలా సాగింది.

తెల్లారేసరికి వాడు పడుకోలేడు, కూర్చున్నా ఊపిరాడదు. మొహం పూరీలా పొంగింది. ఆటోలో సెంటరుకి పరిగెత్తాం. సునీత తూచింది. అరవై రెండున్నర. వాళ్ళు తీసిందంతా నేను మళ్ళీ నింపేశాను. లెక్క సరిపోయినందుకు ఒళ్ళు చల్లబడటం నాకు అదే మొదలు.

"ఏం తాగారు బాబాయ్?"

"ఏం లేదమ్మా," అన్నాడు ఆయాసపడుతూ. నావైపు చూడలేదు.

"చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది, బాబాయ్!"

"ఏం లేదన్నాగా."

వాడు నా పరువు కాపాడుతున్నాడు. ఊపిరి అందకపోయినా సరే.

"నేను తాగించానమ్మా," అన్నాను. "నాలుగు బొండాలు. మజ్జిగ."

"బొండాలా!" సునీత మొహం పాలిపోయింది. "వాటిలో పొటాషియం ఎక్కువండీ. వీళ్ళకి గుండె ఆగిపోతుంది!"

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఇంజక్షన్లు, ఆక్సిజన్, మిషను. ఇంత హడావిడిలోనూ ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని.

గండం గడిచాక మంచం పక్కన కూర్చున్నాను. "తెలిసి తెలిసి ఎందుకు తాగావురా?"

"నువ్వు తాగమన్నావుగా."

అరవై నాలుగేళ్ళవాడి జవాబు. చిన్నప్పుడు వాడికి ఎక్కాలన్నీ నేనే నేర్పాను. అక్కకి వద్దని చెప్పడం మాత్రం నేర్పలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను ముల్లులా గుచ్చుతుంది.

వాడు మాస్కు కొంచెం పక్కకి జరిపాడు. "అయినా అక్కా, ఆ రెండో బొండం మాత్రం భలే తియ్యగా ఉందే."

అందుచేత సకల బంధుమిత్రుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మా తమ్ముడికి నా చేత్తో ఏదీ తాగించను. వాడి పుట్టినరోజుకి తలంటినా, నీళ్ళు మాత్రం సునీతని అడిగే పోస్తాను.