ముల్లు మీద కనిపించిన నడక

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇనుముకీ కాంక్రీటుకీ లెక్కలు కట్టి బతికినవాణ్ణి. లెక్కకి అందనిది ఏదైనా ఉందంటే మనకి లెక్క రాకపోవడమే అనుకునేవాణ్ణి.

పందొమ్మిది వందల అరవై ఏడో, ఎనిమిదో. గజపతినగరం దగ్గర ఒక గోగునార గోదాముకి మేడ వేస్తున్నాం. ఉక్కు దూలాల మీద ముడతల రేకులు పరిచి, వాటి మీదే కాంక్రీటు పోసే పద్ధతి. కాంక్రీటు జారకుండా దూలం పైన ఇనప ముక్కలు వెల్డింగు చేయిస్తాం. గట్టిపడ్డాక రెండూ కలిసి ఒక్కటిగా బరువు మోస్తాయి. ఆ డిజైను నాది. పని చేయించిన మేస్త్రీ మా అక్క మొగుడు. అక్క పిల్లలతో నౌపడలో ఉండేది. చిన్నప్పుడు విరిగిన బావ ఎడమకాలు సరిగా అతకలేదు. నడిస్తే ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా పడేది.

గోదాము అప్పగించే ముందు పరీక్ష పెట్టాం. మేడ మీద ఇసక బస్తాలు పేర్చి, దూలం ఎంత కుంగుతోందో దాని కింద బిగించిన డయల్ గేజీ ముల్లు మీద చూశాం. లెక్క ప్రకారమే కుంగింది. బస్తాలు దింపేశాక మామూలుకి వచ్చేసింది. నాకు గర్వంగా కూడా అనిపించింది.

మిట్టమధ్యాహ్నం. కూలీలు రోడ్డవతలికి అంబలి తాగడానికి వెళ్లారు. గేజీ దగ్గర నేనూ బావా మాత్రమే ఉన్నాం. మేడ మీదికి ఉన్న ఒక్క నిచ్చెనా మా ఎదురుగానే ఉంది.

ముల్లు కదిలింది. పైన ఎవరైనా నడిస్తే కదిలినట్టే. ఒకటి పెద్ద కదలిక, ఒకటి చిన్నది. మళ్లీ పెద్దది, మళ్లీ చిన్నది. దూలం మధ్యకి వచ్చేకొద్దీ ఎక్కువై, దాటాక తగ్గి, ఆగిపోయింది.

నిచ్చెనెక్కి చూశాను. ఊడ్చిన నేల, ఎండ తప్ప ఏమీ లేదు.

దిగేసరికి బావ మొహంలో నెత్తురు లేదు.

"ఒరే, అది నా నడకరా," అన్నాడు.

"గాలికి ముల్లు ఊగినాది బావా. ఏటీ నేదు," అన్నాను. నాకే నమ్మకం లేదు.

"నేనిక్కడుంటే పైన నేనెలాగ నడిసినాను? మీ అక్కకి సెప్పకు. బెంగెట్టుకుంటాది."

ఆ సాయంత్రమే బావకి జ్వరం. విజయనగరం ఆసుపత్రిలో చేర్చాం. మామూలు జ్వరమే, కంగారు పడొద్దని అక్కకి కార్డు రాశాను. డాక్టర్లు మందులు మారుస్తూనే ఉన్నారు, జ్వరం దిగలేదు. మంచం పక్కన కూచుని, చేతులు ఊరుకోక, ఆ దూలం లెక్కే మళ్లీ మళ్లీ కట్టాను. తప్పు ఒకటి దొరికితే ముల్లు కదలడానికి కారణం దొరుకుతుంది, బావ లేచి కూచుంటాడని పిచ్చి ఆశ. ప్రతిసారీ లెక్క సరిగ్గానే వచ్చింది. ఆరో రోజు పొద్దున్న బావ పోయాడు.

తరవాత గేజీని ఇంకో ఇంజనీరుకి చూపించాను. ఏ లోపమూ లేదన్నాడు.

పెద్దకర్మ అయ్యాక, దాచుకోలేక, జరిగిందంతా అక్కకి చెప్పేశాను. అక్క ఏడవలేదు.

"ఆ దినమే సెప్పుంటే, పేనముండగా మీ బావని ఒక్కపాలి సూసుకుందును కదరా," అంది.

ఆ రోజు మేడ మీద నడిచింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మామూలు జ్వరమేనని అక్కకి కార్డు రాసిన చెయ్యి మాత్రం నాదే.