ఖాళీ కుర్చీ పక్కన గ్రీకు నాయిక

న్యాయం ముమ్మాటికీ మీ వైపే ఉన్న రోజున, మీ పక్క కుర్చీలో ఎవరైనా కూర్చున్నారా? నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ రోజుల్లో నేను ఇచ్చోడ నుండి వచ్చి కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ, వాదనలో నెగ్గితే మనుషులు దగ్గరవుతారని నమ్మేదాన్ని. (పప్పుచారు పలచనైందన్న విషయం మీద కూడా మూడు వాదాంశాలు వినిపించినందుకు హాస్టల్లో నా పేరు 'అధ్యక్షా' అయింది, భోజనాల బల్ల దగ్గర నా చుట్టూ ఎప్పుడూ విశాలమైన చోటుండేది.)

ఇద్దరేసి జట్టుగా మాట్లాడవలసిన పోటీకి నేను ఎంచుకున్నది ఒక ప్రాచీన గ్రీకు విషాద నాటకపు నాయికను. చనిపోయిన అన్నకు మట్టి ఇవ్వరాదని రాజు శాసిస్తే, ఒక్కతే వెళ్ళి పిడికెడు మట్టి చల్లి ప్రాణం పోగొట్టుకున్న ఆడపిల్ల ఆమె. చావు దగ్గర కూడా మగవాళ్ళ మాటే చెల్లే లోకాన్ని ఆమె ప్రశ్నించిందనీ, తోడు రానన్న చెల్లెలు పిరికిదనీ నా సిద్ధాంతం. రెండో వక్తగా నా గదిలో ఉండే పెద్దపల్లి అమ్మాయిని, నాకంటే ఏడాది చిన్నదాన్ని, నియమించాను. (అడగలేదు, నియమించాను.)

"నేను రానక్కా."

"కారణం జెప్పు."

"కారణం లేదు. రాను."

"కారణం లేకుంట కాదంటే చెల్లది. గా నాటకంల చెల్లె అసొంటిదానివే నువ్వు."

పోటీ నాడు ఆమె వంతూ నేనే మాట్లాడాను. ఖాళీ కుర్చీలోకి మారి కూర్చుని, మళ్ళీ లేచి, "నా సహవక్త సెలవిచ్చినట్టు" అంటూ నన్ను నేనే సమర్థించుకున్నాను. సభ విరగబడి నవ్వింది. న్యాయనిర్ణేత మేడం కళ్ళద్దాలు తీసి, "ఒక్కతివే జట్టెట్లయితవమ్మా? కూసో," అన్నది. ఆమెను ఆ రాజుతో పోల్చి మరీ వేదిక దిగాను.

గదికి వచ్చేసరికి ఆ అమ్మాయి నా పళ్ళెంలో అన్నం పెట్టి మూత వేసి ఉంచింది.

"ఓడితివా అక్కా?"

"నీ వల్లనే."

"నేను కాలేజీల చేరకముందు మా అన్న సచ్చిపోయిండు. మా ఇండ్లల్ల ఆడోళ్ళు ఖబరస్తాన్‌కు పోరు, మూడు పిడికిళ్ళ మట్టి మగోళ్ళే ఏస్తరు. నేను దర్వాజ కాడ్నే నిలబడ్డ. గా ముచ్చట మైకుల ఎట్ల జెప్పాలె?"

ఏడు నెలలుగా ఒకే గదిలో ఉంటున్నాం. ఆమెకు ఒక అన్న ఉండేవాడని నాకు తెలియదు. పళ్ళెం మీది మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

"తిను, సల్లారుతది," అన్నది. "నువ్వు మాట్లాడకపోతే నాకు ఫికరైతది."

రాజుతో పోరాడే తొందరలో పక్క మంచం వైపు ఒక్కసారైనా తిరిగి చూడని ఆ 'అధ్యక్షా' తలపుకొస్తే ఇప్పుడు నవ్వే వస్తుంది, కొంచెం ఆలస్యంగా. మీరు మాత్రం ఇవాళే, మీతో ఒకే గదిలో ఉంటున్న మనిషిని వాళ్ళింట్లో ఎవరెవరుంటారో అడగండి. చెప్పడం అయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.