మా మునీశ్వరుడికి గేటు పెట్టారు

మా చిన్నప్పుడు... మా మునీశ్వరుడికి కప్పు లేదు. గోడ లేదు. చేను గట్టున నిలువెత్తు రాయి, దానికి పసుపు, కుంకుమ, ముందర కాస్త చదును చేసిన మట్టి... అంతే గుడి.

తమిళనాడు, కర్ణాటక సరిహద్దులో, జూజువాడి దాటితే మా ఊరు. హోసూరులో ఇన్ని ఫ్యాక్టరీలు లేని రోజులు. మావి గొర్రెలు మేపుకునే ఇళ్లు. పొద్దున్నే మందను తోలుకుపోతూ మా తాత ఆ రాయి ముందర ఆగేవాడు. ఒంటి మీద చొక్కా ఉండదు, భుజాన గొంగడి. చుట్ట వెలిగించి ఒక దమ్ము తాను లాగి, మిగిలింది దేవుడి ముందర పెట్టేవాడు. గొర్రెలు దేవుణ్ణి రాసుకుంటూ పోయేవి. ఆయన ఒక్కనాడూ కసురుకోలేదు...

ఒకసారి కృష్ణగిరి మామిడి మండీ వ్యాపారి ఒకాయన మొక్కు తీరిందని, రేకుల కప్పు వేయిస్తానని వచ్చాడు. మా తాత ససేమిరా అన్నాడు.

"మేము గొర్రెలెనకాల ఎండలో తిరుగుతా ఉంటే ఆయన నీడన కూర్చుంటాడా అప్పా? ఆయనా మాతోపాటే ఎండల్ల, తడవల్ల. కప్పేస్తివంటే మంద యాడ పోయిందో ఆయనకి ఎట్ల కనపడుతుంది?"

వ్యాపారి పకపకా నవ్వి, ఆ రేకులు మా గొర్రెల దొడ్డికి వేయించి పోయాడు!

మా ఇళ్లలో బిడ్డ పుడితే, మూడో నెలలో ఆయన ముందర మట్టిలో పడుకోబెట్టేవారు. చాప లేదు, గుడ్డ లేదు. కింద ఒట్టి మట్టి, పైన ఒట్టి ఆకాశం. బిడ్డ కాళ్లూ చేతులూ ఆడించి ఒళ్లంతా మట్టి చేసుకున్నాకే తల్లి ఎత్తుకోవాలి. అప్పుడే ఆ బిడ్డ దేవుడి మందలో చేరినట్లు. నన్ను అలాగే పడుకోబెట్టారు. నా కూతురు మంజులను నా చేతులతోనే పడుకోబెట్టాను.

ఆ మంజులకు ఇప్పుడు బిడ్డ పుట్టిందండీ! ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి, ఫ్యాక్టరీ షిఫ్టుల మధ్య మందులు మింగి, "ఇంక నాకు రాసిపెట్టి లేదులే నాయనా" అని నా ఒళ్లో తల పెట్టి ఏడ్చిన పిల్లకు... బంగారం లాంటి ఆడబిడ్డ! చెక్‌పోస్టు దగ్గర టీ అంగట్లో ముక్కూమొహం తెలియని లారీ డ్రైవర్లకు కూడా మైసూరుపాకు పంచాను. నా సంతోషం ఎంతని చెప్పను!

మూడో నెల రాగానే మునీశ్వరుడి దగ్గరికి బయల్దేరాం. మా చేలన్నీ లేఅవుట్ అయి చాలా కాలమైంది. అమ్ముకున్నది మేమే, దానికి ఎవరినీ అనను. అయితే దేవుణ్ణి అమ్మలేదు కదా! అక్కడ గుడి కట్టారని విని సంతోషపడ్డాను కూడా. హోసూరులో కూతురి దగ్గర చేరి, మోకాళ్ల నొప్పులతో అటు పోయి చూసింది లేదు.

పోయి చూస్తే... గేటు. గేటుకు బోర్డు. "సంప్రదాయ దుస్తులలో మాత్రమే ప్రవేశం."

నా భుజాన మా తాత గొంగడి ఉంది. లేఅవుట్ సంఘం సెక్రటరీ అట, విజయవాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఆయన, నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"పెద్దాయనా, గొంగళితో లోపలికి కుదరదండి. మన సంప్రదాయం మనమే పాటించకపోతే ఎలా?"

ఒళ్లు మండిపోయింది నాకు.

"ఎవరి సంప్రదాయమప్పా? ఆ రాయికి మొదట బొట్టు పెట్టింది ఈ గొంగడి కప్పుకొన్నోళ్లే!"

"ఇంతకీ మీరు మాట్లాడేది తెలుగా, కన్నడమా?" అని ఆయన నవ్వారు.

"దేవునికి తెలిసే భాష అప్పా. ఇన్నాళ్లూ ఆయన తిరిగి అడగలేదు."

బిడ్డ కోసం నోరు కట్టుకుని, గొంగడి గేటు మీద వేసి లోపలికి పోయాను. రాయికి వెండి తొడుగు. పైన సిమెంటు కప్పు, దానికి ఫ్యాను. నేలంతా అద్దంలా గ్రానైటు.

"మట్టి యాడ అన్నా? బిడ్డను పండబెట్టల్ల" అంది మంజుల.

"మట్టి ఎందుకమ్మా, ఇన్ఫెక్షన్! గోత్రం చెప్పండి, పంతులుగారు అర్చన చేస్తారు. అదీ పద్ధతి."

మంజుల బిడ్డను నా చేతికిచ్చి బయటికి పోయింది. పక్కన ఇల్లు లేవని ప్లాటు ఒకటి ఉంది. అందులోంచి కొంగు నిండా ఎర్రమట్టి ఎత్తుకొచ్చి, ఆ మెరిసే గ్రానైటు మీద, దేవుడి ముందర కుమ్మరించింది!

"అయ్యయ్యో, ఏంటమ్మా ఇది! ఇప్పుడే కడిగించాం!"

"నేనే కడిగి పోతాలే అన్నా. రోంతసేపు నిలుచుకో."

ఆ మట్టిలో బిడ్డను పడుకోబెట్టింది. పాప కాళ్లు తపతపా కొట్టింది. పిడికిట మట్టి పట్టింది. బోసినోటితో నవ్వింది... నాకు కన్నీళ్లు ఆగలేదు. సెక్రటరీ కూడా ఫోను తీసి ఎవరికో చేయబోయి, ఆగిపోయారు.

అంతా బాగుంది. కానీ పాప పైకి చూసింది... ఆకాశం లేదు. ఫ్యాను తిరుగుతోంది.

అదే నా కడుపుమంట! రోజూ ఫోనులో మన ధర్మం, మన సంస్కృతి, కాపాడుకుందాం అని పెడుతున్నారు. నేనూ చూసి దండం పెడతాను. కాపాడతామని వచ్చినవాళ్లే మా దేవుణ్ణి లోపల పెట్టి తాళం వేస్తే ఎవరికి చెప్పుకోవాలి? మధ్యాహ్నం మూసేస్తారట. గొర్రెలవాడు వేళ చూసుకుని రావాలా? వెండి పెట్టారు, గ్రానైటు పరిచారు... ఈ దేవుడికి ఏమి ఇష్టమని మమ్మల్ని ఒక్క మాట అడిగారా? అడిగితే చెప్పేవాళ్లమే కదా, పక్కనే ఉన్నాము!

మంజుల చెప్పినట్లే నేల కడిగేసి వచ్చింది. నా మనవరాలికి మట్టి దక్కింది, ఆకాశం దక్కలేదు. నా లెక్కలో పని సగమే అయింది.

మీ వైపు ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నిలబడిన దేవుడు ఎక్కడైనా మిగిలి ఉంటే కింద రాయండి... ఏ దేవుడైనా సరే. ఊరి పేరు, దారి చెబితే చాలు. పాపను ఎత్తుకుని వస్తాం.