కాటా డ్రైవరులో ఒక అంకె

మా ముత్తాతగారు ఊరి మునసబు. ఆయన వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. పర్చూరు వైపు మొదటి పత్తి జిన్నింగు మిల్లు ఆయనదే. మా తాతగారు మిరప వ్యాపారంలోకి కూడా దిగారు. గుంటూరు యార్డులో బస్తా మీద మా ఇంటిపేరు ముద్ర కనిపిస్తే కొనేవాడు మూతి విప్పి చూసేవాడు కాదు. మా నాన్నగారు మిల్లు ముందు రోడ్డు పక్కన లారీ కాటా పెట్టించారు. ఆ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్ కాటా అదే మొదటిది. ఆయన తర్వాత నేను.

గొప్పలు చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఈ వరుస తెలియకపోతే ఆ కాటాని నేనెందుకు పట్టుకు వేళ్లాడానో ఎవరికీ అర్థం కాదు.

మా ఇంట్లో తూకానికి ఒక పద్ధతి ఉండేది. బరువు చెప్పేవాడు కూర్చుని చెప్పకూడదు. అందరికీ కనపడేలా నిలబడి, గొంతెత్తి చెప్పాలి. ముత్తాతగారు పెద్ద త్రాసు పక్కన నిలబడి చెప్పేవారు. నాన్నగారు ఆ పద్ధతిని లారీ కాటాకి కూడా తెచ్చారు. లారీ ఎక్కే ఇనుప పలక మీదే ఒక మూల ఆయన నిలబడేవారు. లోపలి గదిలో గుమస్తా తెర మీది అంకె చదివితే, ఈయన దాన్ని రోడ్డు దాకా వినపడేలా పలికేవారు. "నేనే పలక మీదుంటే చాటుగా ఇంకోడు కాలు పెట్టడు" అనేవారు. తేమ పేరు చెప్పి, గోతం పేరు చెప్పి రైతు బరువులో కోసే తరుగు మా కాటా దగ్గర లేదు.

ఎన్నికలు, పంపకాలు, కోర్టు మెట్లు కలిసి మిగతావన్నీ తీసుకుపోయాయి. నాన్నగారు పోయేనాటికి మిల్లు గోడలు, కాటా, కాటా మీది మేడగది మిగిలాయి. బెంగళూరులో ఉద్యోగం మానేసి నేను ఆ గదిలో దిగాను. కొన్నాళ్లు ఉందామనే అనుకున్నాను.

కాటా పలక కింది పరికరాల నుంచి ఒక తీగ వచ్చి కంప్యూటరులోని కార్డుకి చేరుతుంది. బరువుని అంకెగా మార్చేది ఆ కార్డే. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాళ్ల సాఫ్ట్‌వేరు పాత కంప్యూటరుతోపాటే పోయింది. ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి చూసుకుని, బాగుచేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటుంది కదా, దాన్ని ఎక్కించాను. అది కార్డుని గుర్తుపట్టలేదు. కార్డు భాష దానికి చెప్పే దుబాసీ కావాలి. దాన్నే డ్రైవరు అంటారు. కంపెనీ ఇంజనీరు నాన్నగారి కాలంలో చేసిపోయిన అమరికలు విడిగా దాచిన పాత డిస్కులో దొరికితే, వాటి ఆధారంగా నేనే డ్రైవరు రాశాను. రాసి ఊరుకోకుండా ఆ సిస్టమ్ నడిపేవాళ్లకి పంపాను. చాలా ప్రశ్నలడిగి, చాలాసార్లు తిప్పికొట్టి, చివరికి తీసుకున్నారు.

అక్కడ ప్రతి డ్రైవరుకి ఎదురుగా దాన్ని చూసుకునే మనిషి పేరు రాస్తారు. మా డ్రైవరు ఎదురుగా మా ఇంటిపేరుతో సహా నా పేరు పడింది. బస్తాల మీద నుంచి పోయింది, మిల్లు గేటు మీద నుంచి పోయింది, ఇక్కడ మిగిలింది. ప్రపంచంలో ఎవరు ఆ సిస్టమ్ తీసుకున్నా దానితోపాటు మా ఇంటిపేరు వెళ్తుంది. ఆ రోజు మేడగదిలో ఒక్కణ్నే ఉన్నా, లేచి నిలబడ్డాను.

ఆ పేరే నన్ను కట్టేసింది. ఆ సిస్టమ్‌లో డ్రైవర్లన్నీ వాడుకునే ఉమ్మడి భాగాలుంటాయి. వాటిలో ఎవరో ఎక్కడో ఒక మార్పు చేస్తే మా డ్రైవరు పనిచేస్తోందా లేదా అని నిజమైన కార్డు మీద పెట్టి చూడాలి. చూసినవాడు 'పరీక్షించాను' అని తన పేరు పెట్టి చెప్పాలి. ఆ కార్డు ఇంకెవరి దగ్గరా ఉన్నట్టు నాకు తెలియదు. కొత్త కంప్యూటర్లలో దాన్ని గుచ్చే చోటే ఉండదు కాబట్టి పాత మదర్‌బోర్డుల కోసం విజయవాడ సెకండ్‌హ్యాండు దుకాణాలు తిరిగేవాణ్ని. చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లలేదు. ఉద్యోగానికి పిలిస్తే వెళ్లలేదు. వెళ్తే కార్డుని ఎవరు చూస్తారు? కింద లారీ ఎక్కిన ప్రతిసారీ నా మంచం కదిలేది. కాటా మీదే పడుకుని, కాటా మీదే లేచేవాణ్ని.

కొన్నాళ్లు నేనే తూచి, ఆ ఓపిక లేక కాటాని లీజుకిచ్చాను. తీసుకున్నది మా పాత గుమస్తాగారి కొడుకు. నాకంటే కాస్త పెద్దవాడు. అతను తన సొంత మీటరు తెచ్చి, తూనికల శాఖ సీలు వేయించుకుని, మా తీగని దానికి తగిలించుకున్నాడు. మా కార్డు పక్క బల్ల మీది పాత కంప్యూటరులో ఉండిపోయింది. నేను పరీక్షించాలంటే కాటా ఆపి, తీగ అతని మీటరు నుంచి పీకి నా కార్డుకి గుచ్చాలి. మిరప సీజను లేనప్పుడు, అతను భోజనానికి వెళ్లినప్పుడు, ఏదో ఒక ట్రాక్టరు పలక మీద నిలబడి ఉంటే చూసేసేవాణ్ని. అంకె కదులుతోందంటే డ్రైవరు బతికున్నట్టే. అతన్ని అడగాల్సిన అవసరం రానివ్వలేదు. అతన్ని 'మీరు' అనడానికి నాకు నోరు రాదు, 'నువ్వు' అనడానికి రోజులు కావు. మా మధ్య మాటలు ఎవరినీ ఉద్దేశించనట్టుగా నడిచేవి.

ఈ ఏడు మిరప కోతలు ముమ్మరంగా ఉండగా ఒక మెయిలు వచ్చింది. ఎవరూ వాడని పాత డ్రైవర్లని ఏరిపారేస్తున్నారు. చలిదేశం మనిషొకడు ఆ పని చూస్తున్నాడు. గారూ లేదు, అండీ లేదు, పేరు పెట్టి పిలుస్తాడు. మా డ్రైవరు చదివి ఒక్క ప్రశ్న వేశాడు. వచ్చిన బరువులోంచి ప్రతిసారీ ఒకే అంకెని తీసేస్తున్నావు, అదేమిటి?

ఆ అంకె నేను పెట్టింది కాదు. పాత డిస్కులోని అమరికల్లో ఉంటే ఉన్నదున్నట్టు ఎక్కించాను. 'అది ఈ కాటా పెట్టినప్పటి అమరిక. దాన్ని ముట్టుకోకూడదు' అని రాశాను.

'ఎందుకుందో చెప్పలేని అంకె ఇక్కడ ఉండదు. తెలిసిన బరువుతో పోల్చి చూసి, ఏమిటో చెప్పు. సిస్టమ్ కొత్త రూపం విడుదలయ్యేలోపు చెప్పకపోతే డ్రైవరు తీసేస్తాం' అని జవాబిచ్చాడు.

అదే వారం మా పెదనాన్నగారి అబ్బాయి వచ్చాడు. మిల్లు స్థలంలో అతనికీ వాటా ఉంది. ప్లాట్లు వేసేవాళ్లు అడుగుతున్నారని అంతకుముందూ చెప్పాడు. నా సంతకం ఒక్కటే ఆగి ఉంది.

"ఇంకా ఏంట్రా నీకు అడ్డం?" అన్నాడు, నా మంచం మీద కూర్చుంటూ.

"పరీక్ష ఒకటుంది అన్నయ్యా. అది అయ్యేదాకా కాటా ఉండాలి."

"ఈ వయసులో పరీక్షేంట్రా? ఎవడు పెడుతున్నాడు?"

చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"జీతం లేదు. సెలవు లేదు. ఆ దొర నీకు మొహం కూడా చూపించలేదు. ఒరేయ్, మన తాత అంతమందిని పాలేర్లుగా పెట్టుకున్నాడు గానీ, ఒక్కణ్ని కూడా ఇట్టా కట్టెయ్యలేదురా!"

"మన ఇంటిపేరు ఉంది అందులో."

"ఇంటిపేరు నాకూ ఉంది. నేను హాయిగా నిద్రపోతన్నా."

కింద లారీ ఎక్కింది. మంచం కదిలింది. అతను ఉలిక్కిపడి లేచాడు. "బాబోయ్, దీని మీద ఎట్టా పడుకుంటన్నావురా?" అన్నాడు. సీజను అయ్యేదాకా ఆగుతానని, తర్వాత ఆగనని చెప్పి వెళ్లాడు.

సీజను అయ్యేదాకా చలిదేశం మనిషి ఆగడు. సీజనులో కాటా ఒక్క క్షణం ఖాళీ ఉండదు, లారీలు రోడ్డు దాకా వరస కడతాయి. లారీ మార్చే సందులో ఖాళీ పలక మీద తీగ గుచ్చి చూశాను. కొత్త సిస్టమ్‌లో కార్డు లేచింది. తెర మీద సున్నా కనిపించింది. ఆ ఒక్క సున్నా చూసి 'పరీక్షించాను' అని రాసేయొచ్చు. అంకెకి ఏదో ఒక కారణం కూడా అల్లేయొచ్చు. అడిగేవాడు ఈ దేశం వచ్చి చూడడు. మేడమెట్ల మీద చాలాసేపు నిలబడ్డాను. బరువు లేని కాటా సున్నా చూపించడం ఏం పరీక్ష? మా వాళ్లెవరూ ఖాళీ త్రాసు పక్కన నిలబడి బరువు చెప్పలేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగాను. మధ్యాహ్నం. గాలి నిండా మిరప ఘాటు. కాటా గదిలో అతను రసీదులు చింపుతున్నాడు.

"కాటా కాసేపు ఆపడం కుదురుతుందా? తూచిన లారీనే ఇంకోసారి నా కార్డు మీద చూడాలి" అన్నాను, కిటికీ వైపు చూస్తూ.

అతను చటుక్కున కుర్చీ వదిలి లేచాడు. "మీరు అడగాలా బాబుగారూ? కూర్చోండి."

ఆ మర్యాద కంటే ఒక మాట అన్నా బాగుండేది. నేను కూర్చోలేదు.

పలక మీద వినుకొండ నుంచి మిరప బస్తాలతో వచ్చిన లారీ ఉంది. అతని మీటరు మీద బరువు పడింది. రాసుకున్నాడు. నేను తీగ పీకాను. బయట హారన్లు మొదలయ్యాయి. లారీ డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏందండీ, కాయ ఎండిపోయి బరువు తగ్గిందాకా తూస్తారా? యార్డులో వేలం అయిపోద్ది!"

"ఆగరా బాబూ, డ్రైవరు పరీక్ష చేస్తన్నారు" అన్నాడు లీజుదారు.

"నాకెందుకు పరీక్ష? లైసెన్సు ఉందిగా!"

వరసలో వాళ్లంతా నవ్వారు. నేను తీగని కార్డుకి గుచ్చాను. అంకె పైకి లేచి, ఊగి, ఆగింది. అతని మీటరు చెప్పినదానికంటే తక్కువ. మళ్లీ పీకి గుచ్చాను. అంతే తక్కువ. పాత సిస్టమ్ ఎక్కించి చూశాను. అంతే.

లారీ డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి రెండు అంకెలూ చూశాడు. "ఒక మనిషంత తేడా ఉందే! ఒరేయ్, నువ్వు గానీ ఎక్కి దిగావేంట్రా?" అని క్లీనరు మీద అరిచాడు.

"నేను టీ కాడ ఉన్నా అన్నా!"

సీలు ఉన్నది అతని మీటరుకి. తప్పు చెబుతున్నది నాది. ఇంటిపేరు పెట్టి లోకానికి పంపింది ఆ తప్పునే. మెడ వంచకుండా నిలబడ్డాను.

లీజుదారు తెర వైపు చూడటం లేదు. బయట పలక మూలకేసి చూస్తున్నాడు. అక్కడ ఇనుము మీది గళ్లు అరిగి నున్నగా ఉన్నాయి.

"బాబుగారూ, ఓసారి వెళ్లి అక్కడ నిలబడండి."

వెళ్లి, నాన్నగారు నిలబడే మూల నిలబడ్డాను. నాది ఆయన ఒడ్డూ పొడుగే. ఆయన చొక్కాలు ఇప్పటికీ నాకు సరిపోతాయి. నా వెనక లారీ వేడి, ముందు హారన్లు. కిటికీలో అతను తెర చూశాడు. చూసి, కుర్చీ పక్కకి జరిపి, నిటారుగా నిలబడి, బరువు పైకి చెప్పాడు. రోడ్డు దాకా వినపడింది. అతని మీటరు చెప్పిన బరువే అది.

కాటా పెట్టిన రోజున కంపెనీ ఇంజనీరు సున్నా అమర్చేటప్పుడు నాన్నగారు పలక దిగలేదు. దిగమన్నా దిగి ఉండరు. ఇంజనీరు ఆయన్ని కూడా కలుపుకుని సున్నా పెట్టాడు. ఆయన నిలబడినంత కాలం తూకం సరిగ్గా ఉంది. నేను గదిలో కూర్చుని తూచిన రోజుల్లో నిండు లారీలోనూ ఖాళీ లారీలోనూ ఒకే మనిషి తగ్గాడు కాబట్టి సరుకు బరువు మారలేదు, ఎవరికీ నష్టం జరగలేదు. ఖాళీ పలక మీద అంకె సున్నా కిందికి పోతే సున్నాయే చూపించమని నేనే రాశాను కాబట్టి నాకూ కనపడలేదు. ఆ సిస్టమ్ వెళ్లిన చోటికల్లా మా ఇంటిపేరుతోపాటు మా నాన్నగారి బరువు కూడా వెళ్లింది.

"ఆయన దిగేవారు కాదండీ. మా నాన్న చెప్పేవాడు" అన్నాడు లీజుదారు.

"మీ నాన్నగారు గదిలో ఉండి బాగా చదివేవారు. మీరూ బాగా చెప్పారు" అన్నాను. 'మీరు' అన్న సంగతి అన్నాక తెలిసింది.

సాయంత్రం చలిదేశం మనిషికి రాశాను. ఆ అంకె ఒక మనిషి బరువు, డ్రైవరులో ఉండాల్సింది కాదు, తీసేశాను, నిండు లారీతో పరీక్షించాను అని నా పేరు పెట్టాను. మర్నాడు జవాబు వచ్చింది: 'మంచిది. తీసుకున్నాం. తర్వాతి విడుదలకి కూడా పరీక్షిస్తావు కదా?'

దాన్ని చాలా రోజులు అట్లాగే ఉంచాను. రోజూ మంచం కదులుతూనే ఉంది. రాయాల్సింది ఒక్క వాక్యం. ఆ వాక్యం రాస్తే పేరు పోతుంది. రాయకపోతే నేను ఈ గదిలోనే ఉండాలి, ఇంకో విడుదల దాకా, దాని తర్వాత ఇంకోదాని దాకా. ఆయనలాగే నేనూ పలక దిగని మనిషిని. దిగితే లెక్క ఏమవుతుందో తెలియదు.

సీజను అయ్యాక అన్నయ్య కాగితాలు తెచ్చాడు. ముందు మెయిలు రాశాను: ఇకపై కార్డు ఉంటుందిగానీ కాటా ఉండదు, నా పేరు తీసేయండి. తర్వాత సంతకం పెట్టాను.

మిల్లు స్థలాన్ని ప్లాట్లు వేసేవాళ్లు మేడగదితో సహా కొన్నారు. కాటా పలకని గ్యాసుతో ముక్కలుగా కోసి పాత ఇనుము కింద అమ్మారు. చిలకలూరిపేట వ్యాపారి కొన్నాడు. ఆ ఇనుముని హైవే మీది కాటాలో తూచారు.